తగిలించేటప్పుడు పలకరించకూడదు

ఆల్విన్ స్టకీ తన ట్రెయిలర్‌ను, అంటే చక్రాల మీదున్న తన ఇంటిని, ట్రక్కుకు తగిలించుకుంటుంటే ఎవరూ పలకరించకూడదు. ఇలాంటి బండి ఇళ్లు నిలుపుకునే మా ఐరన్‌వుడ్ క్యాంపులో ఇది తెలియనివాళ్లు లేరు. కొత్తగా దిగినవాళ్లకు మొదటిసారి మేం చెప్పేవాళ్లం. వినకపోతే రెండోసారి ఆల్వినే చెప్పేవాడు. "నోర్మూసుకోండి, తగిలిస్తున్నా!" అని ఒక్క అరుపు అరిచాడంటే నది అవతల కాలిఫోర్నియా ఒడ్డున కొంగలు లేచిపోయేవి.

నిజానికి అది ఆల్విన్ ఒక్కడి పట్టింపు కాదు, చక్రాల మీద బతికే మాబోటి వాళ్లందరిదీ. చేతులు పని చేస్తుంటే బుర్రలో ఒక వరస నడుస్తుంటుంది. కొక్కెం పట్టిందా, తాళం పడిందా, కరెంటు తీగ పీకామా, నీళ్ల గొట్టం చుట్టామా, మెట్టు మడిచామా. మధ్యలో ఎవడో ఊసుపోనివాడు వచ్చి "ఏ ఊరికి ప్రయాణం?" అన్నాడా, వరస తెగుతుంది. తెగిన చోట ఏదో ఒకటి మర్చిపోతాం. నా రెండో మొగుడు యూటాలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఎవడితోనో చేపల ముచ్చట్లలో పడి తాళం వెయ్యడం మర్చిపోయాడు. ట్రక్కు రెండడుగులు ముందుకు కదిలేసరికి ట్రెయిలర్ మూతి దభేలుమని దాని వీపు మీద కూర్చుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు ట్రక్కుతో సహా మొగుడు కూడా పోయాడు. పోవడమంటే చచ్చిపోవడం కాదు, ఇంకొకత్తెతో పోయాడు. మూతి పగిలిన ట్రెయిలర్ నాకు మిగిలింది. బేరం మరీ నష్టమేం కాదు.

నా నోట్లో నువ్వు గింజ నానదని నాకే తెలుసు. క్యాంపులో స్నానాలగదులు కడుగుతూ, బట్టలు ఉతికే యంత్రాలు చూసుకుంటూ, దానికి బదులుగా ఊరికే ఒక జాగా, ఒక కరెంటు పెట్టె సంపాదించుకున్న దాన్ని. రోజంతా జనంతో వాగుతూనే ఉంటాను. అలాంటి నేను కూడా ఆల్విన్ తగిలించుకుంటుంటే చేతులు కట్టుకుని, పెదాలు బిగించుకుని, దూరంగా నిలబడేదాన్ని. నోరీన్ తన కుర్చీలోంచి నన్ను చూసి కిసుక్కున నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తే ముక్కు దగ్గర గొట్టం జారేది, దాన్ని సర్దుకుంటూ మళ్లీ నవ్వేది.

నోరీన్ ఆల్విన్ పెళ్లాం. వాళ్లది నెబ్రాస్కా. ఆల్విన్ అక్కడ ధాన్యం గోదాములో చిన్నప్పటినుంచీ పనిచేశాడు. నోరీన్ బడి వంటగదిలో వండేది. పిల్లలు లేరు. ఆల్విన్ రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు తాగేవాడు, నోరీన్ ఒక్కటీ ముట్టలేదు. ఊపిరితిత్తులు మాత్రం నోరీన్‌వి పోయాయి.

"దేవుడికి గురి కుదరలేదు బెర్నీ," అనేవాడు ఆల్విన్. "నా మీదికి విసిరాడు, దానికి తగిలింది."

"నీకు తగిలితే తట్టుకునేవాడివా? చిటికెనవేలు తెగితే మూడు రోజులు మంచం దిగని మొహం," అనేది నోరీన్.

ఆసుపత్రి ఖర్చులకు ఇల్లు కరిగిపోయింది. పొడిగాలి ఉన్న చోటుకు వెళ్లమని డాక్టరు చెప్పాడు. మిగిలిన డబ్బుతో పాత ట్రెయిలర్ ఒకటి, దాన్ని లాగే ట్రక్కు ఒకటి కొనుక్కుని బయల్దేరారు. మొదట్లో నోరీన్ ఒంట్లో ఇంకా ఓపిక ఉండేది, దేశమంతా తిరిగారు. ట్రెయిలర్ తలుపు పక్కన దేశపటం అంటించుకున్నారు. మా జనంలో అదొక సరదా. ఏ రాష్ట్రం చూస్తే ఆ రాష్ట్రం బొమ్మ పటంలో దాని జాగాలో అంటిస్తాం. నోరీన్ దగ్గర మాత్రం సరదాలు కుదరవు. ఆ రాష్ట్రంలో ఒక రాత్రి నిద్ర చేస్తేనే బొమ్మ. కారులో దూసుకుపోతే లెక్కలోకి రాదు, మధ్యాహ్నం భోజనం చేసినా రాదు.

"నిద్రపోయిన ఊరే మనం చూసిన ఊరు," అనేది. అందుకే, మా క్యాంపు ఒడ్డున నిలబడి రాయి విసిరితే తగిలేంత దగ్గరలో కాలిఫోర్నియా ఉన్నా ఆమె పటంలో అది తెల్లగానే ఉండేది.

తర్వాత నోరీన్‌కు ప్రాణవాయువు అందించే గాలి యంత్రం లేకుండా గడవని రోజులొచ్చాయి. మంచం పక్కన పెట్టె, అందులోంచి గొట్టం, గొట్టం చివర నోరీన్. పెట్టె గుర్రుగుర్రుమన్నంతసేపే ఆమెకు ఊపిరి. ఆ పెట్టెకు కరెంటు కావాలి, రాత్రీ పగలూ కావాలి. ఎడారిలో ప్రభుత్వ భూమి బోలెడుంది. అక్కడ ఊరికే ఉండొచ్చు, అడిగే నాథుడు లేడు, కానీ కరెంటూ లేదు. కరెంటు పెట్టె ఉన్న జాగా కావాలంటే క్యాంపులో అద్దె కట్టాలి. పడక కోసమో, చెట్టు నీడ కోసమో, నది గాలి కోసమో అద్దె కట్టేవాళ్లు వేరే. ఆల్విన్ అద్దె కట్టింది నోరీన్ ఊపిరికి. అలా మా ఐరన్‌వుడ్‌లో ఆగిపోయారు.

అప్పటి యజమాని ముసలి గన్నర్సన్. మనిషి మొరటు, లెక్క మాత్రం తేలిక. నెలకు నాలుగువందల డాలర్లు, కరెంటు మీటరు ప్రకారం, కుక్క ఉంటే కుక్కకు వేరే. ఆలస్యమైతే తిట్టేవాడు, తిట్టి ఊరుకునేవాడు. గన్నర్సన్ పోయాడు. పిల్లలు ఏడాది తిరక్కుండా క్యాంపును ఫీనిక్స్ కంపెనీ ఒకదానికి అమ్మేశారు. ఆ కంపెనీ ట్రేవర్ హాస్కిన్స్ అనే కుర్ర మేనేజరును పంపింది. మోకాళ్లదాకా నిక్కరు, చేతిలో పలకలాంటి ఫోను, నోటి నిండా చిరునవ్వు. గేటుకు నంబర్లు నొక్కే తాళం వచ్చింది. గులకరాళ్లు కొత్తవి పోశారు. అద్దె ఎనిమిదివందలు దాటింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండు కొత్త నియమాలు కూడా వచ్చాయి. పదేళ్లు దాటిన బండి కంటికి ఇంపుగా లేకపోతే ఉండనివ్వరు. నెలవారీ అద్దెకున్నవాళ్లు నెలకోసారి రెండు రాత్రులు బండితో సహా గేటు బయటికి పోవాలి.

"ఎందుకు నాయనా?" అని అడిగాను ట్రేవర్‌ను.

"ఎడతెగకుండా ఉంటే వాళ్లు ఇక్కడ కాపురమున్నవాళ్లవుతారండి. రేపు ఖాళీ చెయ్యమంటే కోర్టుకెళ్తారు. మధ్యలో రెండు రాత్రులు తెగితే అతిథులు. అతిథులకు హక్కులుండవు."

"వచ్చినప్పుడు నవ్వుతాం, పొమ్మన్నప్పుడు పోతారు. అంతేనా?"

"నియమం నాది కాదు బెర్నిస్ గారూ. నా జాగా కూడా కంపెనీదే."

అదీ నిజమే. వాడూ క్యాంపులోనే, కంపెనీ ఇచ్చిన ట్రెయిలర్‌లోనే ఉండేవాడు. వాడిని తిట్టాలనుకున్నప్పుడల్లా ఆ ట్రెయిలర్ కనపడి సగం తిట్లు గొంతులో ఆగిపోయేవి. మిగతా సగం తిట్టేదాన్ని.

మొదటి నియమం కోసం ఆల్విన్ మార్చి నెలంతా ట్రెయిలర్‌ను తోమాడు. ఎండకు పెచ్చులూడిన గీతలు గీకేశాడు, మూతికి రంగు వేశాడు, కిటికీల చుట్టూ కొత్త జిగురు పట్టించాడు. అంతా అయ్యాక ట్రేవర్ వచ్చి చుట్టూ తిరిగి చూసి, "బాగుంది సార్. ఆ పటం ఒక్కటీ తీసేస్తే సరి. కంపెనీవాళ్లు ఫొటో అడుగుతారు," అన్నాడు.

ఆల్విన్ మొహం చూస్తే నాకు భయమేసింది. వాడు పెదవి విప్పేలోగా నోరీన్ కుర్చీలోంచి అంది, "తియ్యి ఆల్విన్. పెళ్లినాటి ఉంగరమా అది? ఫ్రిజ్ మీద అంటించుకుందాం. రోజూ చూసుకోవచ్చు."

జుట్టు ఆరబెట్టుకునే యంత్రం నాదే తెచ్చిచ్చాను. దానితో వేడి గాలి కొట్టుకుంటూ ఆల్విన్ పటాన్ని ఒక మూలనుంచి, చర్మం ఊడదీసినంత జాగ్రత్తగా ఊడదీశాడు. ఒక్క రాష్ట్రం చిరగలేదు.

రెండో నియమం మొదటి నెల పండగలాగే గడిచింది. ఏప్రిల్ కదా, గాలి చల్లగా ఉంది. నది దాటి కాలిఫోర్నియా వైపు ప్రభుత్వ భూమిలో దిగారు. జనరేటర్ పెట్టుకుని గాలి యంత్రం నడిపారు. మూడో రోజు పొద్దున తిరిగొచ్చి, ఆల్విన్ బండి నిలబెట్టే పని అంతా పూర్తయ్యేదాకా నేను పెదాలు బిగించుకుని నిలబడితే, నోరీన్ ట్రక్కు దిగుతూనే, "అమ్మాయ్! ఇలా రావే," అని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లింది. కాలిఫోర్నియా జాగాలో నారింజ రంగు బొమ్మ మెరుస్తోంది.

"రెండు రాత్రులు నిద్రపోయాను. బొమ్మకు ఒకటి చాలు, ఇంకోటి మిగులు," అంది.

"కంపెనీవాళ్లకు దండం పెట్టు. వాళ్లు గెంటకపోతే చూసేదానివా?" అన్నాను.

"పెట్టేదాన్నే, మొహం కనపడితే."

మే నెలలో ఎండ ముదిరింది. చలికాలం గడపడానికి వచ్చిన జనమంతా ఎవరి ఊళ్లకు వాళ్లు ఉత్తరానికి పోయారు. జూన్ వచ్చేసరికి మా క్యాంపులో మనుషులకంటే తొండలు ఎక్కువ. నాలుగింట మూడు జాగాలు ఖాళీ. ఖాళీ జాగాల్లో కరెంటు పెట్టెలు వరసగా నిలబడి ఉండేవి, ఎవరికీ అక్కర్లేకుండా. అప్పుడు కూడా నెలకోసారి ఆల్విన్, నోరీన్ గేటు బయటికి పోవాల్సిందే. వాళ్లు పోయిన రెండు రాత్రులూ వాళ్ల జాగాలో గులకరాళ్లు ఎండుతూ పడుండేవి. ఒక్కడు రాలేదు. ఒక్కడంటే ఒక్కడు.

నేను ఊరుకోలేక ట్రేవర్ గదికి పోయాను. "ఎవరికోసం ఖాళీ చేయిస్తున్నావు బాబూ? తొండలకోసమా?"

"నాకు మాత్రం సరదానా? పైకి రాశాను. మినహాయింపు ఒకళ్లకిస్తే అందరూ అడుగుతారన్నారు."

"అందరూ ఎవరు? క్యాంపులో ఉన్నది తొమ్మిదిమంది ముసలాళ్లం!"

"బెర్నిస్ గారూ, గేటు దగ్గర బండి నంబరు దానంతటదే ఎక్కుతుంది. నేను కళ్లు మూసుకున్నా అది మూసుకోదు."

నా ట్రెయిలర్‌లో పడుకోమని నోరీన్‌ను బతిమాలాను. నా మంచం పక్కన గాలి పెట్టె పెట్టుకో, ఎవడికీ తెలియదు, ఆల్విన్ ఒక్కడూ బండి తీసుకుని పోతాడు అన్నాను. నోరీన్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చేతిలో వేళ్లు కట్టెపుల్లల్లా ఉండేవి.

"తెలిస్తే నీ జాగా ఊడుతుంది. నీకు ట్రక్కైనా లేదు కదే, ఈ మూతి పగిలిన డబ్బాను దేనితో లాక్కుపోతావు?"

"నా సంగతి నేను చూసుకుంటాలే."

"అదీ కాక, వాడు ఆ ఎండలో ఒక్కడే ఉంటే నాకిక్కడ ఎన్ని పెట్టెలు పెట్టినా ఊపిరాడదు. వదిలెయ్యి."

ఒక నెల ఊళ్లో చవక హోటల్లో దిగి చూశారు. ఆ రెండు రాత్రుల ఖర్చుకు నోరీన్ మందులు సగం నెలే వచ్చాయి. ట్రెయిలర్‌ను హోటల్ వెనక వీధిలో పెడితే పోలీసు వచ్చి తీయమన్నాడు. మళ్లీ ఎడారే దిక్కయింది.

జూలైలో బయల్దేరిన రోజు నాకు బాగా గుర్తుంది. పొద్దున్నే గాలి పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. ఆల్విన్ తగిలించడం మొదలుపెట్టాడు. నేను నా జాగాలో నిలబడ్డాను. నోరీన్ అప్పటికే ట్రక్కులో ముందు సీట్లో కూర్చుంది. ఒళ్లో చిన్న గాలి సిలిండరు, ముక్కు దగ్గర గొట్టం, నల్లద్దాలు, నెత్తిమీద ఆల్విన్ పాత టోపీ. నావైపు చూసి వేలు పెదాల మీద పెట్టుకుని "ష్" అన్నట్టు నవ్వింది. తగిలించడం అయ్యాక ఆల్విన్ అలవాటు ప్రకారం ట్రక్కును ఒక్క జానెడు ముందుకు లాగి, తాళం పట్టిందో లేదో చూసుకుని, దిగి మళ్లీ చుట్టూ తిరిగి, అప్పుడు నావైపు చెయ్యెత్తాడు. ఇక మాట్లాడొచ్చని అర్థం.

"నిమ్మకాయ జెల్లీ చేసి పెడతా నోరీన్. ఎల్లుండి రాగానే తిందువుగాని," అని అరిచాను.

"పంచదార చారెడు తక్కువెయ్యి. కిందటిసారి పాకంలా ఉంది," అని అరిచింది. అంత ఊపిరి ఎక్కడ దాచుకుందో.

అనుకున్న రోజు పొద్దున తొమ్మిది దాటాక వాళ్ల ట్రక్కు గేటు దగ్గర కనపడింది. గేటు తెరుచుకుంది. నేను ఫ్రిజ్‌లోంచి జెల్లీ గిన్నె తీసుకుని బయటికొచ్చాను. ఆల్విన్ ట్రెయిలర్‌ను వెనక్కి నడిపి, ఎప్పటిలాగే ఒక్క ప్రయత్నంలో జాగాలో పెట్టాడు. ట్రక్కు ఇంజను ఆపకుండా దిగాడు. చల్లగాలి కోసం అలా ఉంచేవాడు, నోరీన్ కోసం. ఆమె అద్దానికి దిండు ఆనించుకుని తల వాల్చుకుని ఉంది. టోపీ, నల్లద్దాలు అలాగే ఉన్నాయి. రాత్రి నిద్ర లేదేమో పాపం, కునుకు పట్టింది అనుకున్నాను. చెయ్యి ఊపబోయి మానేశాను.

ఆల్విన్ పని మొదలుపెట్టాడు. చక్రాలకు చెక్కలు పెట్టాడు. మట్టం చూశాడు. ఒకవైపు పలక వేశాడు, మళ్లీ మట్టం చూశాడు, నచ్చక ఆ పలక తీసి ఇంకోటి వేశాడు. ముందు కాళ్లు దించాడు. కొక్కెం విడిపించాడు. కరెంటు తీగ తెచ్చి పెట్టెలో గుచ్చాడు. ట్రెయిలర్ లోపల గాలి యంత్రం గుర్రుమనడం నాకు వినిపించింది. ఇక నోరీన్‌ను దింపుతాడులే అనుకున్నాను. దింపలేదు. నీళ్ల గొట్టం బిగించాడు. కారుతోందేమోనని చేత్తో తడిమాడు, విప్పి మళ్లీ బిగించాడు.

మిగతా ఇద్దరు ముగ్గురు ముసలాళ్లు కూడా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆ ఎండలో ఎవరికి వాళ్లం చూపులు దించుకుని నిలబడ్డాం. నా చేతిలో జెల్లీ కరిగి గిన్నెలో నీళ్లలా కదులుతోంది. నాకు లోపల విసుగు పుడుతోంది. ఇంతసేపేమిటి ఈ మనిషి, కరెంటు వచ్చింది కదా, ముందు ఆమెను లోపలికి తీసుకుపోక!

మెట్టు విప్పాడు. నీడకు గుడ్డ పందిరి లాగాడు. దాని కింద చాప పరిచాడు. చాప మీద ఇసుక దులిపాడు. ట్రెయిలర్ అడుగున సందూకులోంచి కుర్చీలు తీశాడు. తనది వేశాడు. నోరీన్ కుర్చీ తెచ్చి దాని పక్కన వేశాడు, సరిగ్గా లేదనుకున్నాడేమో కొంచెం జరిపాడు, కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు.

ఇంక చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. అది నాకూ కనపడింది.

నావైపు తిరిగాడు. చెయ్యెత్తలేదు.

"అయిపోయింది బెర్నీ. ఇప్పుడు మాట్లాడొచ్చు," అన్నాడు.

"ఏమయ్యా, పొద్దుటినుంచీ పెళ్లిపందిరి వేస్తున్నట్టు వేస్తున్నావు! నోరీన్‌ను దింపవా?"

"దిగదు."

నాకు అర్థం కాలేదు. అర్థమైంది కానీ కాలేదు. ట్రక్కు వైపు నడిచాను. నడుస్తుంటే వెనకనుంచి చెబుతున్నాడు, ఎవరికో దారి చెబుతున్నట్టు నెమ్మదిగా. తెల్లారుతుండగా జనరేటర్ ఆగిపోయిందట. లోపల ఇసుక, పైన వేడి. తాడు ఎంత లాగినా అందుకోలేదు. చేతిలో రెండు చిన్న సిలిండర్లున్నాయి. ఒకటి నోరీన్ ఒళ్లో పెట్టి ట్రక్కులో కూర్చోబెట్టాడు. రెండోది ట్రెయిలర్‌లో ఉంది. ఎంత, గంటలో క్యాంపుకు వచ్చేస్తాం, పెట్టెకు కరెంటు తగులుతుంది అనుకున్నాడు. ట్రెయిలర్ వదిలేసి రాలేడు కదా, గాలి యంత్రం దాన్లోనే బిగించి ఉంది. ఆ ఎడారిలో ఫోనూ పలకదు. తగిలించడం మొదలుపెట్టాడు. ట్రక్కును వెనక్కి నడిపేటప్పుడు నోరీన్ పక్కనే ఉంది. దూరం సరిపోయిందని బొటనవేలు ఎత్తి చూపించింది. తర్వాత దిగి చూస్తే ట్రెయిలర్ ముందు కాళ్లు ఇసుకలో దిగబడి ఉన్నాయి, ఎత్తు కుదరదు. మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. కాళ్ల కింద చెక్కలు పెట్టాడు, అవీ దిగబడ్డాయి. మళ్లీ తవ్వాడు. చివరికి కొక్కెం పట్టింది. తాళం వేశాడు. చుట్టూ తిరిగి అన్నీ చూసుకున్నాడు. వచ్చి తలుపు తీసి, "అయిపోయింది, పద," అన్నాడు.

"ఒళ్లో సిలిండరు ముల్లు సున్నా మీద ఉంది," అన్నాడు ఆల్విన్. "గొట్టం తీసేసి చక్కగా చుట్టి పెట్టింది. రెండోది పది అడుగుల దూరంలో ఉంది బెర్నీ. ఒక్క పిలుపు పిలిస్తే తెచ్చేవాణ్ణి."

"పిలవలేకపోయిందేమో ఆల్విన్. నిద్రలోనే… అలా మత్తు కమ్ముతుందంటారు," అన్నాను.

"హారన్ చెయ్యి చాస్తే అందుతుంది. నేను తగిలిస్తున్నానని పిలవలేదు."

ట్రక్కు తలుపు తీశాను. లోపలినుంచి చల్లగాలి మొహానికి కొట్టింది. నోరీన్ టోపీ సర్ది ఉంది, దిండు సర్ది ఉంది, సీటు బెల్టు పెట్టి ఉంది. దారంతా ఆమెకు బెల్టు పెట్టి తీసుకొచ్చాడు. అప్పుడు ఏడ్చాను. క్యాంపు క్యాంపంతా వినేలా ఏడ్చాను, సిగ్గేముంది.

పోలీసులు, ఆసుపత్రివాళ్లు వచ్చి చెయ్యాల్సినవి చేశారు. ఏ వేళకి జరిగింది, ముందు ఇంత పని చేసి అప్పుడెందుకు చెప్పావు అని పోలీసు పిల్లాడు రెండుసార్లు అడిగాడు. "ఆవిణ్ణి ఇంట్లోకి తేవాలి కదా. ఇల్లు సర్దాలి," అన్నాడు ఆల్విన్. ఆ కుర్రాడు అదే రాసుకుని కాగితం మడిచాడు.

సాయంత్రం ట్రేవర్ వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. చేతిలో ఫోను పలక లేదు.

"సార్, కంపెనీతో మాట్లాడాను. మీరు ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండొచ్చన్నారు. ఈ నెల అద్దె కూడా అక్కర్లేదు. బయటికి పోవాల్సిన పని కూడా లేదు," అన్నాడు.

నేను మీద పడి కరిచేదాన్నే. "మనిషి పోయాక మినహాయింపా? నిన్నటిదాకా ఎక్కడ చచ్చింది ఈ దయ?" అన్నాను. ఆల్విన్ నన్ను ఆపాడు.

"కుర్రాణ్ణేమీ అనకు," అన్నాడు. ట్రేవర్ వైపు చూసి, "నాకు కరెంటు అక్కర్లేదు నాయనా," అన్నాడు.

అంతే. కరెంటు అక్కర్లేనివాడికి ఎడారంతా ఊరికే.

నోరీన్ బూడిద ఇంటికి తెచ్చుకున్న మర్నాడే బయల్దేరతానన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. ప్రభుత్వ భూమిలో ఎక్కడో ఒక చోట, రెండు వారాలొక చోట, మళ్లీ ఇంకో చోట. అలా ఒంటరిగా తిరిగే ముసలాళ్లు మాలో చాలామందే ఉన్నారు. చలికాలంలో ఎవరికో ఒకరికి కనపడతారు, ఎండాకాలంలో ఎవరికీ కనపడరు. గాలి యంత్రం ఊళ్లో ఆసుపత్రికి ఇచ్చేశాడు. దేశపటం ఫ్రిజ్ మీదే ఉంచుకున్నాడు.

పొద్దున్నే లేచి చూసేసరికి కరెంటు తీగ పీకి చుడుతున్నాడు. కుర్చీ ఒక్కటే మడిచాడు. రెండోది నా గుమ్మం ముందు పెట్టి ఉంది. నేను బయటికొచ్చి అలవాటు ప్రకారం చేతులు కట్టుకుని, పెదాలు బిగించుకుని, దూరంగా నిలబడ్డాను. నీళ్ల గొట్టం చుట్టాడు. మెట్టు మడిచాడు. ట్రక్కును వెనక్కి నడిపాడు. దిగి కొక్కెం దగ్గరికి వచ్చి, చెయ్యి దానిమీద వేసి, ఆగిపోయాడు.

ఎంతసేపటికీ కదల్లేదు.

"బెర్నీ," అన్నాడు తలెత్తకుండానే.

నేను పలకలేదు. తగిలిస్తున్నాడు కదా.

"బెర్నీ, మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు. నేను తాళం వేసేదాకా ఆపకు."

నోటికేది వస్తే అది అందుకున్నాను. గుడ్ల ధర గురించి మొదలుపెట్టాను. డజను గుడ్లకు ఎంత తీసుకుంటున్నారో చెప్పాను. రెండో బట్టల యంత్రం మళ్లీ నీళ్లు కక్కుతోందని చెప్పాను, దాన్ని బాగుచేసేవాడు వస్తానని వస్తానని రాలేదని చెప్పాను. నా రెండో మొగుడు యూటాలో ట్రెయిలర్‌ను ట్రక్కు వీపు మీద కూర్చోబెట్టిన కథ, ఆల్విన్‌కు వెయ్యిసార్లు చెప్పిందే, మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఆల్విన్ మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు, కొక్కెం పట్టడం లేదు. నేను గొంతు పెంచాను. జెల్లీలో పంచదార చారెడు తగ్గించే వేశానని చెప్పాను.

తాళం పడిన చప్పుడు వినపడింది. అయినా నేను ఆపలేదు. వాడు చుట్టూ తిరిగి చూసుకుంటున్నాడు, ట్రక్కు ఎక్కుతున్నాడు, జానెడు ముందుకు లాగి చూస్తున్నాడు, గేటు దాటుతున్నాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను.